నెట్ వస్తలేదా? స్తంభం నుంచి తెర దాకా, తెగింది ఎక్కడో పట్టుకునే పద్ధతి

బోరు నీళ్లు పోయకపోతే దేవరకొండ దిక్కు రైతు ఎవరూ ముందే మోటరు పైకి గుంజరు. కరెంటుందా, మూడు ఫేజులూ వస్తున్నాయా, ఫ్యూజు పోయిందా, స్టార్టరు పట్టుకుంటోందా అని చూస్తారు. అవన్నీ బాగున్నాయని తేలాకే పైపులు లాగే బండికి ఫోన్ చేస్తారు. ఆ బండి వచ్చిందంటే వేలు ఖర్చు మరి. అదే మనిషి ఇంట్లో కంప్యూటర్‌కి నెట్ రాకపోతే మాత్రం మొట్టమొదట పిన్నీసు తెచ్చి రూటర్ వెనక ఉన్న సన్న రంధ్రంలో గుచ్చుతాడు. లేదంటే విండోస్ మళ్లీ వేయించాలని సీపీయూను బండి మీద పెట్టుకుని టౌనుకు బయల్దేరతాడు.

నల్గొండ గడియారం దగ్గర కొన్నేళ్లు నెట్ సెంటర్ నడిపినవాణ్ని కాబట్టి అలా మోసుకొచ్చిన సీపీయూలు చాలా చూశాను. నా దగ్గరి వైరు పెట్టగానే చాలావాటికి నెట్ వచ్చేది. తప్పు ఇంట్లోని తీగలో ఉంటే, పెట్టె ఊరంతా తిరిగిందన్నమాట.

కాబట్టి కింద ఎన్ని మెట్లు చెప్పినా అన్నింటికీ మూలం ఒక్కటే. ఎక్కడ తెగిందో తెలిసేదాకా ఏ సెట్టింగూ మార్చొద్దు. ఒకటి మార్చి, అది పనిచేయక ఇంకోటి మార్చుకుంటూ పోతే, అసలు తప్పు ఒకటి, మనం చేసినవి నాలుగు అవుతాయి. తర్వాత వచ్చేవాడికి ఏది ఏదో అర్థం కాదు.

నెట్ మీ ఇంట్లోకి వచ్చే దారి

ఇప్పుడు పట్టణాల్లోనే కాదు, చాలా మండల కేంద్రాల్లో కూడా ఇంటికొచ్చేది ఫైబరే. వీధిలో స్తంభం మీద చిన్న డబ్బా ఉంటుంది. అక్కడి నుంచి సన్నని నల్ల డ్రాప్ వైరు మీ ఇంట్లోకి వస్తుంది. లోపల వెంట్రుకంత గాజు పోగు, అందులో పారేది కరెంటు కాదు, వెలుతురు. ఇంట్లో ఆ తీగ దిగే డబ్బాను ఓఎన్‌టీ అంటారు. మనోళ్లు దాన్నే మోడెం అనో, రూటర్ అనో, వైఫై డబ్బా అనో పిలుస్తారు. చాలా ఇళ్లలో ఆ ఒక్క డబ్బాలోనే వైఫై కూడా ఉంటుంది. కొన్నిచోట్ల దాని పక్కన వేరే రూటర్ ఉంటుంది. అక్కడి నుంచి గాలిలోనో, లాన్ వైరులోనో కంప్యూటర్ దాకా, ఆపైన విండోస్, చివరికి బ్రౌజర్. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడినా తెర మీద కనిపించేది ఒకటే మాట: నెట్ లేదు.

మొదట ఫోన్‌తో చూడండి

రెండు నిమిషాల పని. ఫోన్‌లో మొబైల్ డేటా పూర్తిగా ఆపండి. ఇది మరిచిపోయి మోసపోయేవాళ్లే ఎక్కువ. వైఫైలో నెట్ లేకపోతే ఫోన్ చప్పుడు చేయకుండా సిమ్ డేటాకు మారిపోతుంది, మనం వైఫై బాగుందనుకుంటాం. డేటా ఆపి, ఇంటి వైఫైకి కలిపి, ఏదైనా కొత్త వీడియో పెట్టి చూడండి.

ఫోన్‌లో కూడా రాకపోతే మీ కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. దాన్ని ముట్టుకోకుండా డబ్బా దగ్గరికి వెళ్లండి. ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో రాకపోతే బయటి తీగ, డబ్బా బాగానే ఉన్నాయి, కేబులాయనకు ఫోన్ చేయాల్సిన పని లేదు. రెండింటిలోనూ వచ్చి ఒక్క సైటు మాత్రం తెరుచుకోకపోతే తప్పు ఆ సైటుదే. దరఖాస్తు చివరి తేదీ రాత్రి ప్రభుత్వ సైట్లు ఎలా ఉంటాయో తెలిసిందేగా. అప్పుడు టెన్షన్ పడి రూటర్ ఆపి పెడితే సగం నింపిన ఫారం కూడా పోతుంది.

డబ్బా మీది లైట్లు చదవడం

డబ్బా మీద చిన్న ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. కంపెనీని బట్టి వరుస మారుతుంది కానీ చూడాల్సినవి నాలుగే.

పవర్: అసలు వెలగకపోతే ముందు ప్లగ్గు బోర్డు, తర్వాత అడాప్టర్. కరెంటు ఎక్కువతక్కువలకు అడాప్టర్లు ముందుగా పోతాయి. అడాప్టర్ మీద 12 వోల్ట్, ఇన్ని ఆంపియర్లు అని రాసి ఉంటుంది. మారిస్తే వోల్టేజీ సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. సెట్‌టాప్ బాక్సుది సరిపోతుంది కదా అని చదవకుండా గుచ్చొద్దు. లైటు వెలిగి, డబ్బా తనంతట తానే పదే పదే ఆగి మొదలవుతుంటే కూడా అనుమానించాల్సింది అడాప్టర్‌నే.

పాన్ (పీ, ఓ, ఎన్ అక్షరాలు): ఇది కదలకుండా పచ్చగా వెలిగితే డబ్బాకు, ఆపరేటర్ ఆఫీసుకు మాట కలిసినట్టు. మినుకుమినుకుమంటుంటే ఇంకా ప్రయత్నిస్తోంది.

ఎల్ఓఎస్: ఇది ఎర్రగా వెలిగినా, కొట్టుకున్నా వెలుతురు మీ ఇంటిదాకా రావట్లేదు. మన దగ్గర కారణాలు కూడా మనవే. కోతులు తీగ మీద ఊగుతాయి, ఉడుతలు కొరుకుతాయి. గడ్డి లోడు ట్రాక్టరు గల్లీలోకి వస్తే తీగ దానితోపాటు పోతుంది. నిమజ్జనం రోజు ఎత్తు వినాయకుడి కోసం కర్రలతో తీగలు లేపుతుంటే ఏదో ఒకటి తెగుతుంది. ఇంట్లోపల మీరు చూడగలిగింది ఒక్కటే. డబ్బా వెనక పచ్చ రంగు కనెక్టర్ వదులైందా, ఆ సన్న తీగ బీరువా కింద నలిగిందా, గట్టిగా మడత పడిందా. కనెక్టర్‌ను మెల్లగా లాగి, మళ్లీ టక్ మనేదాకా పెట్టండి. దాని కొసను వేలితో ముట్టుకోవద్దు, లోపలికి కన్ను పెట్టి అసలే చూడొద్దు. అందులో వచ్చే లేజర్ కంటికి కనిపించదు, కాబట్టి వస్తోందో లేదో చూసి చెప్పలేం కూడా. గాజు పోగును టేపు చుట్టి అతకడం కుదరదు. దానికి అతుకు మిషన్ కావాలి.

ఇంటర్నెట్: పాన్ పచ్చగా ఉండి ఇది మాత్రం ఆరిపోయినా, ఎర్రగా ఉన్నా ఎక్కువసార్లు కారణం రీచార్జ్ అయిపోవడమే. నవ్వొస్తుంది కానీ ముందు బిల్లు చూడండి.

ఆపి పెట్టడానికీ ఒక వరుస ఉంది

రూటర్ వేరుగా ఉంటే రెండింటి ప్లగ్గులూ తీయండి. అర నిమిషం ఆగండి, లోపల మిగిలిన కరెంటు పూర్తిగా దిగాలి. ముందు ఓఎన్‌టీ పెట్టి పాన్ లైటు నిలిచేదాకా చూడండి, రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు. తర్వాత రూటర్, ఆ తర్వాతే కంప్యూటర్.

కంప్యూటర్ విషయంలో ఒక చిన్న కిటుకు. విండోస్‌లో షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే అది పూర్తిగా కొత్తగా మొదలుకాదు. త్వరగా తెరుచుకోవడానికి పాత స్థితిలో కొంత డిస్కులో దాచుకుంటుంది, నెట్ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, ఇరుక్కుని ఉంటే అదీ అలాగే లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. ‘పది సార్లు ఆఫ్ చేసి ఆన్ చేసిన అన్నా’ అనేవాళ్లను, రీస్టార్ట్ కొట్టారా అని అడుగుతాను.

ఎండాకాలం మరో సంగతి. ఇంటి రూటర్లలో చాలావాటిని 40 డిగ్రీల వరకు వేడికే తయారు చేస్తారు. మే నెలలో నల్గొండలో బయటే 44, 45 ఉంటుంది, రేకుల గదిలో సజ్జ మీద పెట్టిన డబ్బా పరిస్థితి ఊహించుకోండి. మధ్యాహ్నం పోయి రాత్రికి తనంతట తానే వచ్చే నెట్‌కు మందు రూటర్‌ను కిందికి, గాలి తగిలే చోటికి దించడమే.

ఆ సన్న రంధ్రం జోలికి పోవద్దు

రీసెట్ బటన్ అంటే ఆపి మళ్లీ మొదలుపెట్టడం కాదు. పది సెకన్లు నొక్కితే డబ్బా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకు వెళ్లిపోతుంది. మీ వైఫై పేరు, పాస్‌వర్డ్ పోవడం పెద్ద నష్టం కాదు. డబ్బా ఆపరేటర్ దగ్గర లాగిన్ కావడానికి చాలామంది ఆపరేటర్లు మీ కనెక్షన్‌కు ఇచ్చే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా అందులోనే ఉంటాయి, అవీ పోతాయి. చిన్న తప్పుకు పిన్నీసు గుచ్చి, ఆదివారం పొద్దున మొదలై సోమవారం సాయంత్రం దాకా నెట్ లేకుండా కూర్చున్న ఇళ్లున్నాయి. నెట్ బాగున్న రోజే ఆ రెండూ అడిగి, కరెంటు బిల్లులు దాచే చోట రాసి పెట్టుకోండి.

ఫోన్‌లో వస్తోంది, కంప్యూటర్‌లో రావట్లేదు

లాన్ వైరు ఉన్న డెస్క్‌టాప్ అయితే వెనకకు వంగి చూడండి. వైరు దూరే చోట చిన్న పచ్చ లేదా పసుపు లైటు వెలగాలి. వెలగకపోతే వైరు రెండు కొసలూ తీసి పెట్టండి. ఆ ప్లాస్టిక్ క్లిప్పు విరిగిపోతే వైరు చూడ్డానికి లోపలే ఉంటుంది కానీ అంటుకోదు. ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా జారుతుంది. రూటర్‌లో ఇంకో లాన్ రంధ్రంలో పెట్టండి, పక్కింటి వైరు అడిగి ఒకసారి మార్చి చూడండి. లోపల ఎనిమిది తీగలుంటాయి, ఎలుక ఒక్కటి కొరికినా ఒక్కోసారి లింక్ రాదు, ఒక్కోసారి వచ్చినా వేగం పడిపోతుంది.

ఉరుముల వాన కురిసిన మర్నాడు లైటు అసలే వెలగకపోతే కంప్యూటర్‌లోని లాన్ పోర్టు కాలిపోయి ఉండొచ్చు. బోర్డు మార్చాలని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. కొన్ని వందల రూపాయల్లో దొరికే యూఎస్‌బీ లాన్ అడాప్టరో, వైఫై డాంగిలో పెడితే సరిపోతుంది.

వైఫై అయితే ముందు ఏరోప్లేన్ మోడ్ చూడండి. ల్యాప్‌టాప్‌లో పై వరుస కీల మీద విమానం బొమ్మ ఉంటుంది, పిల్లలు ఆడుతూ నొక్కేస్తారు. మీ వైఫై పేరే జాబితాలో కనిపించకపోతే, ఫోన్‌లో మాత్రం కనిపిస్తుంటే, రూటర్ 5 గిగాహెర్ట్జ్ మీదే పేరు పంపుతూ ఉండొచ్చు. పాత డాంగిళ్లకు 2.4 మాత్రమే తెలుసు. రూటర్ సెట్టింగుల్లో 2.4 కూడా ఆన్ చేయాలి. పైగా 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో బలహీనం, మన ఊళ్లలోని మందపాటి బండ గోడలు దానికి కోటల్లాంటివి. పేరు కనిపించి, పాస్‌వర్డ్ సరైనదే కొట్టినా ఒప్పుకోకపోతే ఆ వైఫై పేరు మీద ఫర్గెట్ నొక్కి, మళ్లీ మొదటి నుంచి కలపండి. అప్పటికీ పాత కంప్యూటర్ మొరాయిస్తే రూటర్‌లో భద్రత డబ్ల్యూపీఏ3 ఒక్కదానికే పెట్టారేమో చూసి, డబ్ల్యూపీఏ2 కూడా కలిసి ఉండేలా మార్చండి.

నల్ల కిటికీలో నాలుగు ప్రశ్నలు

ఇది చూసి చాలామంది జంకుతారు, నిజానికి ఇంతకంటే సూటిగా జవాబు చెప్పేది ఏదీ లేదు. దీనివల్ల ఏదీ పాడవదు, ఇవి అడగడమే తప్ప మార్చడం కాదు.

విండోస్ గుర్తున్న కీ పట్టుకుని ఆర్ నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లిష్‌లో సీ, ఎం, డీ అన్న మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ఐ, పీ, సీ, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జీ) అని, మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లిష్‌లోనే కొట్టి ఎంటర్ నొక్కండి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరుస వెతకండి.

అక్కడ 192.168 తోనో, 10 తోనో మొదలయ్యే నంబరుంటే రూటర్ మీ కంప్యూటర్‌కు చిరునామా ఇచ్చింది. 169.254 తో మొదలైతే రూటర్‌ను అడిగి అడిగి, జవాబు రాక కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్న దొంగ చిరునామా అది. దాంతో బయటికి పోలేరు. మీడియా డిస్‌కనెక్టెడ్ అని ఉంటే ఆ దారిలో వైరు గానీ, వైఫై గానీ కలవనే లేదు, వెనక్కి వెళ్లి మళ్లీ చూడండి.

ఇదే జాబితాలో డిఫాల్ట్ గేట్‌వే అన్న నంబరుంటుంది, చాలా ఇళ్లలో 192.168.1.1. అది మీ రూటర్. ఇప్పుడు పింగ్ (పీ, ఐ, ఎన్, జీ) అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబరు కొట్టి ఎంటర్ నొక్కండి. కంప్యూటర్ నాలుగుసార్లు పిలుస్తుంది. నాలుగింటికీ జవాబొస్తే ఇల్లు దాటే గుమ్మం దాకా దారి బాగుంది. నాలుగింట్లో ఒకటో రెండో పోతుంటే వైఫై సిగ్నల్ బలహీనం. రిప్లై ఫ్రమ్ అని చూసి సంతోషపడకండి, ఆ వరుస చివర డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని ఉంటే ఆ జవాబిచ్చింది రూటర్ కాదు, దారి దొరకలేదని మీ కంప్యూటర్ తనే చెప్పుకుంటోంది.

మూడో ప్రశ్న: పింగ్, ఖాళీ, 8.8.8.8. ఇది గూగుల్ వాళ్ల సర్వర్. గేట్‌వే పలికి ఇది పలకకపోతే రూటర్ తర్వాత ఎక్కడో తెగింది, అంటే ఆపరేటర్ వైపు. ఇదీ పలికితే చివరి ప్రశ్న: నంబరుకు బదులు గూగుల్ డాట్ కామ్ అన్న పేరుతో పింగ్. నంబరుకు పలికి పేరుకు పలకకపోతే నెట్ ఉంది, పేరును నంబరుగా మార్చే డీఎన్‌ఎస్ మాత్రం పడుకుంది.

ఇప్పుడు మార్చొచ్చు

తెగిన చోటు తెలిసింది కాబట్టి ఇక చేయి పెట్టవచ్చు.

169.254 వచ్చినవాళ్లు అదే నల్ల కిటికీలో ఐపీకాన్ఫిగ్, ఖాళీ, స్లాష్ (/) రిలీజ్ కొట్టి, తర్వాత మళ్లీ ఐపీకాన్ఫిగ్, ఖాళీ, స్లాష్ రిన్యూ కొట్టండి. అప్పటికీ రాకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ దగ్గర ఐపీ అసైన్‌మెంట్ చూడండి. ఆఫీసులో వాడి తెచ్చిన సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లలో అక్కడి నంబరు చేత్తో పెట్టి ఉంటుంది. దాన్ని ఆటోమేటిక్, డీహెచ్‌సీపీకి, అంటే రూటరే నంబరు ఇచ్చే పద్ధతికి మార్చాలి.

డీఎన్‌ఎస్ పడుకున్నవాళ్లు అదే చోట డీఎన్‌ఎస్‌ను మాన్యువల్ చేసి 8.8.8.8, రెండో దాంట్లో క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1 పెట్టండి. తర్వాత ఐపీకాన్ఫిగ్, ఖాళీ, స్లాష్ ఫ్లష్‌డీఎన్‌ఎస్ కొట్టి పాత జ్ఞాపకం తుడవండి.

నాలుగు ప్రశ్నలకూ జవాబొచ్చి బ్రౌజర్ మాత్రం తెరవకపోతే? మహబూబ్‌నగర్ నుంచి మా మేనల్లుడు ఒకసారి ఫోన్ చేశాడు. ‘మామా, నెట్ ఉంది గానీ ఏ సైటూ తెరుస్తలేదు, డిగ్రీ దోస్త్ అప్లికేషన్ వేయాలె’ అన్నాడు. పింగులన్నీ పలుకుతున్నాయి. తెర కింద కుడి మూల తేదీ ఎంత చూపిస్తోందిరా అని అడిగితే, ఎన్నో ఏళ్ల కిందటి జనవరి 1. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు ఇన్నో తేదీ నుంచి ఇన్నో తేదీ దాకా అని గడువుంటుంది. మన కంప్యూటర్ పాత కాలంలో ఉంటే ఏ సర్టిఫికెట్టూ దానికి చెల్లదు. తేదీ సరిచేయగానే అన్నీ తెరుచుకున్నాయి. కరెంటు పోయి రాగానే మళ్లీ పాత తేదీకి పోతుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. సీఆర్2032, 3 వోల్ట్, వాచీల కొట్లలోనూ దొరుకుతుంది. కరెంటు ప్లగ్గు పూర్తిగా తీశాకే మార్చండి.

తేదీ బాగుంటే సెట్టింగ్స్‌లో ప్రాక్సీ, అంటే మన నెట్‌ను ఇంకో కంప్యూటర్ మీదుగా తిప్పే ఏర్పాటు, ఆన్‌లో ఉందేమో చూడండి. ఎక్కడో దించుకున్న ఉచిత సాఫ్ట్‌వేర్లు దాన్ని ఆన్ చేసి పోతుంటాయి. ఆపేయండి. అలాగే నెట్‌ను వేరే దారిలో తిప్పే వీపీఎన్ ఉంటే దాన్నీ.

అసలు వైఫై బటనే మాయమైతే అది డ్రైవర్ సంగతి. స్టార్ట్ గుర్తు మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్‌లో పసుపు గుర్తున్నదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ తనే మళ్లీ వేసుకుంటుంది. వేసుకోలేకపోతే డ్రైవర్ దించుకోవాలి. దానికి నెట్ కావాలి, నెట్ లేకనే కదా ఈ తిప్పలు! ఆండ్రాయిడ్ ఫోన్‌ను చార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కు పెట్టి, హాట్‌స్పాట్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. కంప్యూటర్‌కు వైఫై కార్డు లేకున్నా ఫోన్ నెట్ వస్తుంది. డ్రైవర్‌ను కంప్యూటర్ కంపెనీ సైటు నుంచే తీసుకోండి.

ఇవేవీ పారకపోతే అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఉంది. అది దాచిన వైఫై పాస్‌వర్డ్‌లు, వీపీఎన్‌లు అన్నీ తుడిచేస్తుంది, ముందే రాసిపెట్టుకోండి. విండోస్ 10 బందైంది, అందుకే నెట్ రావట్లేదని ఎవరైనా అంటే నమ్మకండి. 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగాయి, అది వేరే ఆలోచించాల్సిన విషయం, కానీ దానివల్ల నెట్ ఆగదు.

ఉరుముతుంటే

మొదటి వానలకు ముందే ఇంట్లో వాళ్లకు చెప్పి పెట్టండి. ఉరుములు మొదలవగానే డబ్బా అడాప్టర్ ప్లగ్గు, కంప్యూటర్ ప్లగ్గు, ఆ రెండింటి మధ్య లాన్ వైరు తీసేయాలి. స్విచ్ ఆపడం చాలదు. గాజు పోగులో కరెంటు పారదు, నిజమే. కానీ కొన్ని డ్రాప్ వైర్లలో బలానికి ఉక్కు తీగ ఉంటుంది, పైగా ఎక్కువగా దెబ్బ వచ్చేది ఇంటి కరెంటు వైపు నుంచే.

కేబులాయనకు ఏం చెప్పాలి

‘నెట్ వస్తలేదు’ అని చెబితే రెండో రోజు ఖాళీ చేతులతో వస్తాడు, చూసి, మిషన్ తెస్తానని పోతాడు. అదే ‘పాన్ ఆరిపోయింది, ఎల్ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటోంది, అడాప్టర్ బాగుంది, పచ్చ కనెక్టర్ తీసి పెట్టి చూసిన, పక్కింట్లో నెట్ ఉంది’ అనండి. పక్కింట్లో ఉండి మీ ఇంట్లో లేదంటే తెగింది స్తంభం డబ్బా నుంచి మీ ఇంటి దాకా ఉన్న ముక్కలోనే అని అతనికి ఫోన్‌లోనే తెలుస్తుంది. పక్కింట్లో కూడా లేదంటే మెయిన్ లైను, మీ ఇంటికి రావడమే దండగ. పాన్ వెలుగుతూ ఆరుతూ ఉంటే వెలుతురు మీటరు పెట్టి చూడమని అడగండి. ఇళ్లలో ఉండే మామూలు ఫైబర్ (జీపాన్) డబ్బాలకు అది మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం (వెలుతురు బలాన్ని కొలిచే లెక్క) మధ్య ఉండాలి. మైనస్ 27 దగ్గర కొట్టుమిట్టాడుతుంటే ఈ రోజు వచ్చినా రేపు గాలికి మళ్లీ పోతుంది, అప్పుడు అతుకు మళ్లీ వేయించాలి. కంప్లైంట్ నంబరు తీసుకుని, టైముతో సహా ఆ పీపీపీఓఈ చీటీ మీదే రాసుకోండి.